సింథటిక్ డబ్బా

ఎవరికీ నష్టం కలగనప్పుడు అది దొంగతనం అవుతుందా? నాలుగేళ్ళుగా ఉపేందర్‌ను తొలుస్తున్న అనుమానం ఇది. అయ్యప్ప మాల వేసుకున్న ఈ నలభై రోజుల్లో దీపం ముందు కూర్చున్న ప్రతిసారీ అదే ముందుకొచ్చి నిలబడేది. ఎల్లుండి ఇరుముడి కట్టుకోవాలి. ఆలోగా ఒంటరిగా వెళ్ళి, ఆ మనిషితో నిజం చెప్పేసి రావాలనుకున్నాడు. ఆ మనిషే పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని, కారు తోలుకుంటూ తన మెకానిక్ షెడ్డుకు వచ్చేస్తాడని అనుకోలేదు.

"స్వామి శరణం, ఉపేందర్ స్వామీ!" అంటూ దిగాడు గిరిప్రసాద్. నాచారంలో మందుల ఫ్యాక్టరీలో గుమాస్తా ఆయన. "ఇతను మా బావమరిది కామరాజు. కొత్తగా కారు కొన్నాడు. ఇంజన్‌లో సింథటిక్ ఆయిల్ పోయించాలా, మామూలుదా అని పొద్దున్నుంచీ నా బుర్ర తింటున్నాడు."

"రేటు చూడు బావా, మూడింతలు! ఎవడి లాభానికి చెప్పు?" అన్నాడు కామరాజు.

"రేటు చూసుకునేవాడు కారెందుకు కొనాలిరా? మామూలుది ఐదువేల కిలోమీటర్లకే నల్లబడి చస్తుంది. ఇదైతే పదివేలు తిరిగినా చెక్కుచెదరదు. ఉప్పల్ ట్రాఫిక్‌లో గంటసేపు నిలబడినా ఇంజన్‌కు దిగులుండదు. నాలుగేళ్ళ కిందట నేనే స్వయంగా డబ్బా పట్టుకొచ్చి ఇచ్చాను. కావాలంటే స్వామినే అడుగు, మాలలో ఉన్న మనిషి అబద్ధం చెప్పడు. చెప్పు స్వామీ, ఆ రోజు నా బండిలో ఏం పోశావు?"

ఉపేందర్ చేతిలో పానా ఆగిపోయింది. బల్ల మీద కూర్చున్న ఇద్దరు గిరాకీలు తలెత్తి చూశారు. ఉప్పల్ నుంచి నాచారం దాకా 'ఉపేందర్ దగ్గర మోసముండదు' అన్న ఒక్క మాట మీదే ఆ షెడ్డు నడుస్తోంది. ఔనంటే చాలు, ఆ మాట నిలుస్తుంది. మెడలోని మాల మాత్రం బరువెక్కింది.

"మామూలుదే పోసిన సార్," అన్నాడు.

గిరిప్రసాద్ ముఖంలో నవ్వు ఎండిపోయింది. "ఊరుకో స్వామీ... ఎప్పటి సంగతో. ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు గొణుగుతూ.

"ఎందుకేంటి బావా? నువ్వు తెచ్చింది సింథటిక్ అయితే బండిలోకి మామూలుది ఎలా వస్తుంది? ఏమయ్యా?"

"సార్ డబ్బా పక్కకు పెట్టిన. దుకాణంల ఉన్న మామూలు ఆయిల్ పోసిన. సార్‌ది దీస్కపోయి నా పాత వ్యాన్ల పోసుకున్న."

"అబ్బో! ఏ మొహం పెట్టుకుని?"

ఉపేందర్ తల దించుకున్నాడు. నల్లపంచె అంచు మీద పడిన గ్రీజు మరకను చూస్తూ చెప్పాడు.

"గా దినం సార్ నలుగురి ముందట అన్నరు, 'మీ మెకానిక్‌ల దగ్గరున్నయన్ని నకిలీవే, గందుకే నాది నేనే తెచ్చుకున్న' అని. కడుపుల మండింది. మూత గూడ సారే విప్పి తెచ్చిన్రు, పని అలకగయింది. కోపం ఒక్కటే గాదు, ఆశ గూడ ఉండె. ఇప్పుడు అబద్ధమెందుకు? గా ఆయిల్ పడ్డంక నా వ్యాన్ వెన్నలెక్క ఉరికింది. సింథటిక్ అంటే సింథటికే అని వచ్చినోళ్ళందరికి చెప్పిన. చెప్పినప్పుడల్ల లోపల సురుక్కుమనేది."

"నల్లబట్టలు కట్టుకుని చేసేవి ఈ పనులా!"

"గప్పుడు మాల లేదు సార్."

బల్ల మీది వాళ్ళలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. రెండో ఆయన మాత్రం నవ్వలేదు. లేచి, గోడకున్న మేకు మీంచి తన బండి తాళం తీసుకున్నాడు. "జర పనుంది అన్నా, మల్ల తెస్త," అని ఉపేందర్ ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. పదేళ్ళుగా వస్తున్న మనిషి. ఉపేందర్ చెవులు వేడెక్కాయి.

అతడు లోపలికి వెళ్ళి, అయ్యప్ప పటం కింద ఉంచిన కొత్త డబ్బా తెచ్చాడు. సీలు కూడా విప్పలేదు.

"అదే కంపెనీ, అంతే ఆయిల్. తీస్కోన్రి సార్. ఇది మీ చేతుల పెట్టకుంట ఇరుముడి నెత్తికెత్తుకోలేను."

గిరిప్రసాద్ చేతులు చాచలేదు. ఉపేందర్ డబ్బాను ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, ఆయిల్ ఇంకిన ఆ నేల మీదే సాష్టాంగపడ్డాడు.

"లేపకు బావా, పడుండనీ!" కామరాజు గొంతు రోడ్డు దాకా వినిపించింది. "ఇలాంటివాణ్ణి నమ్మి నువ్వు సింథటిక్, సింథటిక్ అని ఊరంతా చెప్పుకుంటున్నావు. పోలీసులకు చెబితే అప్పుడు తెలుస్తుంది. నువ్వు మాట్లాడవేం బావా?"

గిరిప్రసాద్ ఇస్త్రీ ప్యాంటుతో ఆ జిడ్డులోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఉపేందర్ భుజం పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి బావమరిదిని ఒకసారి చూసి, ఉపేందర్ చెవి దాకా వంగాడు.

"లే స్వామీ... ఆ రోజు డబ్బా ఒక్కటే సింథటిక్‌ది. లోపల నేను పోసుకొచ్చింది మామూలు ఆయిలే."