బొద్దింకల తొట్టి

యుద్ధానికి వెళ్తూ కొడుకు తన పెంపుడు బల్లినీ, దాని మేతకని పెంచే బొద్దింకల తొట్టినీ తండ్రి ఓమెల్యాన్‌కు అప్పగించాడు. బల్లి బెదురుతుందని ఓమెల్యాన్ వాటిని ఉంచిన గదిలోకి భార్య స్టెఫాను కూడా రానివ్వడు.

చలికాలం, వాళ్లుండే పోల్తావా నగరంలో కరెంటు పోయింది. ఓమెల్యాన్ రొట్టె కొనడానికి వెళ్లాడు. చలికి బొద్దింకలు చస్తాయని స్టెఫా వేడినీళ్ల సీసా పెట్టబోయి తొట్టి మూత తీసింది.

అవి దాక్కోవడానికి పెట్టిన కోడిగుడ్ల అట్టల నిండా బొద్దింకలే, ఒకదాని మీదొకటి. తినే నోరుంటే ఇన్ని మిగలవు. పక్కనే గుడ్డ కప్పిన బల్లి పెట్టెను ఆమె తెరవలేదు.

"ఏమయ్యా, బల్లి తిందా?" అంది అతను రాగానే.

"ఒక్కటి మిగిలిస్తే ఒట్టు! మనవాడిలాగే తిండిపోతు. వాడు ఫోన్ చేశాడా?"

"చేశాడు, నువ్వు లేనప్పుడు. బల్లి ఎలా ఉందని అడిగాడు," అంది స్టెఫా, ఆకురాలు కాలం నుంచీ మోగని ఫోను వైపు చూడకుండా.