ఘాట్ రోడ్డు ఎలా ఉంది?

కొండ మీది ఆ ఊళ్లో వాతావరణ కేంద్రానికి రోజంతా ఫోన్లే. దుప్పట్లు ఉతకొచ్చా, గొడుగు పట్టుకెళ్లాలా అని అడుగుతారు. అక్కడ పనిచేసే ఆమె విసుక్కోకుండా అందరికీ జవాబు చెబుతుంది. కిందటి వానాకాలం కొండచరియ విరిగిపడి, లారీ నడుపుతున్న ఆమె భర్త రోడ్డుతో సహా లోయలోకి పోయాడు. మనిషి దొరకలేదు. ఇంటికి వెళ్లబుద్ధి కాక, అప్పటి నుంచి రాత్రి డ్యూటీలే అడిగి వేయించుకుంటోంది.

ఆ రాత్రి ఆకాశం నిండా చుక్కలే. ఫోన్ మోగింది.

"ఘాట్ రోడ్డు ఎలా ఉంది?"

అవతల జోరున వాన చప్పుడు. అది భర్త గొంతు. ఆమె రిసీవర్‌ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"మీరేనా?"

"ఇంకెవరే? ఇక్కడ కుండపోతగా పడుతోంది. బయల్దేరమంటావా, తెల్లారేదాకా ఆగమంటావా?"

ఆగమనే మాట నోటిదాకా వచ్చింది. ఆగమంటే, మళ్లీ ఫోన్ చేస్తాడో లేదో.

"ఇక్కడ చినుకు కూడా లేదండీ. మెల్లగా వచ్చేయండి."

ఫోన్ పెట్టేసి కిటికీ తెరిచింది. రోడ్డు విరిగిపోయిన వైపు నుంచి లారీ మూలుగుతూ ఎక్కుతోంది. దాని దీపాల వెలుగులో మాత్రమే వాన పడుతోంది.

ఆమె చేత్తోనే జుట్టు సర్దుకుని, వెళ్లి తలుపు గడియ తీసింది.