పిడుగు మీద సుత్తి

"పీకు!" అంది కోడలు.

బల్ల మీద నిలబడ్డ పిడుగు జానెడెత్తు రోబో. ప్లాస్టిక్ ఇటుకల్ని ఒకదానిలో ఒకటి గుచ్చి కొడుకు కట్టాడు. ఒకప్పుడు సాయంత్రం కూర్చుంటే ఇలాంటివి రెండు లేపేవాడు. ఈ పిడుగు మీద మాత్రం వారాల తరబడి కూర్చున్నాడు.

ఆట సులువే. టేపుతో దూరం కొలవాలి, పాచిక వెయ్యాలి, పేల్చాలి. ఎవరి రోబోకి దెబ్బ తగిలితే ఆ ముక్కని వాళ్ళే పీకి పారెయ్యాలి. పెళ్ళయిన కొత్తలో భార్యకి ఇది నేర్పింది వాడే. ఇప్పుడు అనుభవిస్తున్నాడు.

కొడుకు పిడుగుని ఛాతీకి అదుముకున్నాడు. దాని భుజం మీది ఫిరంగిని పంటితో పట్టి లాగాడు. అది ఊడి గోడకి తగిలింది.

"నోటితో ఏంటయ్యా, కుక్కలాగా? చేత్తో పీకు!"

గుమ్మంలో నిలబడ్డ తల్లికి ఒళ్ళు మండిపోయింది. బస్సు కండక్టరు కాబట్టి కోడలి గొంతు పెద్దదని ఆవిడకి తెలుసు. మనసు ఇంత రాయని ఇప్పుడే తెలుస్తోంది.

వీధి తలుపు దగ్గర ట్రంకుపెట్టె సిద్ధంగా ఉంది. కొడుకు ఇన్నేళ్ళుగా కట్టుకున్న రోబోల సైన్యమంతా అందులోనే. ఈ ఆటలో పిడుగు కూలిందా, పెట్టె మొత్తం పాతసామాన్లవాడి పాలు. ఆ పందెం కోడలే కాసింది. వాడు ఊరుకోవచ్చుగా! పౌరుషానికి పోయి సరేనన్నాడు.

"ఆపవే తల్లీ. వాడికున్న సరదా ఇదొక్కటే," అంది ఆవిడ.

"మీరు మధ్యలోకి రాకండి అత్తయ్యా."

పాచిక దొర్లింది. కోడలి రోబో ముందుకొచ్చింది. దాని పేరు సుత్తి. పొట్టిది, కడుపులో బ్యాటరీ డబ్బాతో రాయిలా బరువు. దాని గునపం పిడుగు పొట్టలో దిగింది.

"పేగులు తీశాను. పీకు!"

కొడుకు మళ్ళీ పంటితోనే పీకాడు. ఇటుక అంచు గీసుకుని పెదవి తెగింది. రక్తం గడ్డం మీదికి కారింది. కోడలు కనీసం గుడ్డముక్కైనా అందించలేదు.

తర్వాత మోకాలు పోయింది. ఆ తర్వాత తల. అది బల్ల మీంచి దొర్లి కింద పడితే కోడలు కాలితో తన్ని మంచం కిందికి పంపింది.

"ఇంతేనా? నీకు చేతులెందుకయ్యా? గాజులు తెచ్చి తొడగనా?"

కొడుకు మెడ నరాలు ఉబ్బాయి. "వద్దే... ఇక వద్దు," అన్నాడు.

"ఏం చేస్తావ్? కొడతావా? కొట్టు చూద్దాం!"

ఈసారి ఆమె పాచిక వెయ్యలేదు. టేపు ముట్టుకోలేదు. సుత్తిని ఎత్తి పిడుగు మొండెం మీద దభీమని దించింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించింది. వారాల కష్టం గదంతా చిందరవందరగా పడింది.

"చచ్చింది. పాతసామాన్లవాణ్ణి పిలుస్తున్నా," అంటూ సుత్తిని బల్ల మీద పడేసి లేచింది.

కొడుకు పెట్టిన కేకకి పక్కింటి కుక్క మొరిగింది. వాడు సుత్తిని ఒడిసిపట్టి ఆమె ముఖానికేసి విసిరాడు. నుదురు చిట్లింది. రక్తం కంట్లోకి దిగింది.

తల్లి లోపలికి పరుగెత్తింది. కొడుకుని ఆపడానికో, కోడలి చెంప పగలగొట్టడానికో ఆవిడకే తెలియదు.

కోడలు నవ్వుతోంది. ఏడుస్తోంది కూడా. రక్తం తుడుచుకోకుండానే వంగి, సుత్తిని ఏరుకొచ్చి అతని ముందు పెట్టింది.

"కొట్టవయ్యా! నీకు దణ్ణం పెడతాను, ఇంకొక్కసారి కొట్టు! అత్తయ్యా, చూశారా? చూశారా మీరు?"

దీనికి పిచ్చి ఎక్కిందనుకుంటూ తల్లి కొడుకు వైపు తిరిగింది. విసిరిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. వాడు దాని వంకే నోరు తెరిచి చూస్తున్నాడు. ఆవిడ ఉన్నచోటే కూలబడి కోడలి కాళ్ళు పట్టుకుంది.

పక్షవాతంతో పడిపోయాక, ఇక జన్మలో లేవదని డాక్టర్లు తేల్చేసిన కుడిచెయ్యి అది.