చెవిలో చెప్పిన అంకె

భార్య వంగి కోచ్ చెవిలో ఏదో చెప్పింది. కోచ్ నవ్వాడు. నవ్వి, చేతిలో ఉన్న కాగితం మీద ఒక అంకె వేసుకున్నాడు. గాజు తలుపు ఇవతల రెండు టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ భర్తకి ఒళ్ళు మండిపోయింది.

ఇద్దరూ పారాచూట్ శిక్షణలో చేరి వారమైంది. ఇంకో గంటలో విమానం ఎక్కి, మొదటిసారి ఒంటరిగా దూకాలి. అతనికి డ్రైవింగ్ స్కూలుంది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. కోచ్‌ని అక్కడ అందరూ గద్ద అంటారు. ముప్పై ఏళ్ళుంటాయేమో, పొట్ట అన్నదే లేదు. ఆ లేకపోవడమే మొదటిరోజు నుంచీ భర్తకి గిట్టలేదు.

"ఏం చెప్పావు వాడికి?" టీ కప్పు చేతికిస్తూ అడిగాడు.

"ఏముందండీ, బరువు. పారాచూట్ గొడుగు సైజు చూడాలి కదా."

"చెవిలోనా?"

"మరి మైకులో చెప్పమంటారా?"

అతనికి టీ చేదుగా తగిలింది. పదకొండేళ్ళ కాపురంలో తన బరువెంతో ఈ మనిషి మొగుడికి చెప్పిన పాపాన పోలేదు. ఒకే ఒక్కసారి అడిగితే రెండ్రోజులు మాట్లాడలేదు. అలాంటిది వారం క్రితం పరిచయమైన గద్దకి చెప్పింది! అదీ చెవిలో!

కోచ్ అందర్నీ పిలిచి గోడమీది పట్టిక ముందు నిలబెట్టాడు.

"మీ బరువు, వీపున మోసే సామాను బరువు కలిపి, దానికి తగ్గ గొడుగు. చిన్న గొడుగు వేసుకుంటే గొప్పనుకోకండి. అది జోరుగా దిగుతుంది, కొత్త చేతికి లొంగదు. అలాగని మరీ పెద్దదైతే గాలి ఎటు తోస్తే అటు పోతారు."

పేర్లు పిలుస్తూ గొడుగులున్న సంచులిచ్చాడు. భార్యకి నూట తొంభై చదరపు అడుగులది. భర్తకి రెండువందల ఎనభై.

"ఇది గొడుగా, సర్కసు డేరానా?" అంది వాళ్ళతోపాటే శిక్షణలో చేరి, వెనక నిలబడ్డ బ్యాంకు మేనేజరమ్మ. అందరూ ఘొల్లుమన్నారు.

భర్త చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఫారంలో రాసిందానికి మీ పట్టిక ప్రకారం రెండువందల ముప్పై వస్తుంది. లెక్కలు నాకూ వచ్చు."

"మీకు ఇదే కరెక్టు సార్."

"ఎందుకు?"

కోచ్ అతని భార్య వంక చూశాడు. ఆమె గబుక్కున తల దించుకుని బూటు తాడు సరిచేసుకోసాగింది. ఆ చూపూ, ఆ దించుకోవడమూ రెండూ అతని గుండెలో ముల్లులా దిగాయి. అర్థమైపోయింది. పెద్ద గొడుగైతే మెల్లిగా దిగుతుంది. తను పైన ఆరేసిన బట్టలా వేలాడుతుంటే కింద వీళ్ళిద్దరూ తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటారన్నమాట!

"ఏమండీ, ఆయన ఇచ్చిందే వేసుకోండి. నా మీద ఒట్టు," అంది భార్య.

వాణ్ణి వెనకేసుకు రావడం కూడానా! పళ్ళు నూరుతూ సంచి తగిలించుకున్నాడు.

విమానంలోంచి ముందు ఆమె దూకింది. తర్వాత అతను. నడినెత్తిన గొడుగు ఫట్‌మని విచ్చుకుంది. చుట్టూ ఇంత ఆకాశం, కింద అగ్గిపెట్టెల్లా ఇళ్ళు. అతనవేవీ చూడలేదు. చెవిలో రేడియో వింటున్నాడు. నేలమీద నుంచి కోచ్ ఇద్దరికీ దారి చెబుతున్నాడు.

"వెరీ గుడ్ మేడమ్. అలాగే ఎడమకి. బ్యూటిఫుల్!"

అతనికి మాత్రం, "సార్, కాళ్ళు దగ్గర పెట్టండి."

ఆమె పువ్వులా దిగింది. కోచ్ పరుగెత్తుకెళ్ళి చెయ్యి అందించాడు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి తల పైకెత్తి నవ్వుతున్నారు. చెయ్యి ఇంకా వదల్లేదు! ఒకటి, రెండు, మూడు అని అతను లెక్కపెడుతూనే ఉన్నాడు.

"సార్, తాళ్ళు లాగండి! రెండూ! ఇప్పుడే!"

అతను ఉలిక్కిపడి లాగేసరికి ఆలస్యమైంది. దబ్బున కూలబడి, గడ్డిలో రెండు పల్టీలు కొట్టాడు. మోకాలు చీరుకుపోయింది. నోట్లో మట్టి.

భార్య పరుగున వచ్చి కాళ్ళూ మడమలూ నొక్కి చూసింది. "ఏం విరగలేదు," అని పెద్దగా ఊపిరి వదిలి, మంచినీళ్ళ కోసం షెడ్డు వైపు పరుగెత్తింది.

కోచ్ లేవదీయబోతే అతను ఆ చెయ్యి విదిలించి కొట్టాడు.

"నా భార్య నీకు చెప్పిన అంకె ఎంత? ఇప్పుడే తెలియాలి నాకు."

"చెప్పనని మేడమ్‌కి మాటిచ్చాను సార్."

"ఓహో, మాటలు కూడా ఇచ్చి పుచ్చుకున్నారా!"

కోచ్ షెడ్డు వైపు ఓసారి చూసి, పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఆ అంకె వినబట్టే మీకు పెద్ద గొడుగిచ్చాను. మీరడిగిన రెండువందల ముప్పై ఇచ్చుంటే ఈపాటికి అంబులెన్సులో ఉండేవారు. తొంభై నాలుగు."

భర్త ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే పొట్ట పట్టుకుని నవ్వాడు. పదకొండేళ్ళ రహస్యం చేతికి చిక్కింది. "తొంభై నాలుగు కిలోలా! నా పెళ్ళామా!"

"మేడమ్ బరువు ఫారంలోనే రాసుంది సార్, యాభై ఎనిమిది," అన్నాడు కోచ్ గొంతు తగ్గించి. "చెవిలో చెప్పింది మీది."