నీలం చుక్క

"మనింట్లోలాగే ఎంత సందడో! ఇంతమంది మధ్య ఉంటే దీనికేం లోటు?" అంది పెద్దకోడలు, కంప్యూటర్ పక్కన కాఫీ పెడుతూ. తెరమీద గెలాక్సీల గుంపులో లెన్స్ ఆకారంలో ఒకటి మెరుస్తోంది.

ఖగోళ పరిశోధన చేసే చిన్నకోడలు నిట్టూర్చింది. "ఆ గుంపులో తిరగడం వల్లే తనలోని వాయువంతా పోగొట్టుకుందక్కా. అది లేకుండా ఇక కొత్త నక్షత్రాలు పుట్టవు."

"మరి వెలుగుతోందిగా?"

"పాతవాటి వెలుగే. కొత్తవైతే నీలంగా ఉంటాయి."

పెళ్ళికి ముందు రేడియోలో పాడిన పెద్దకోడలు తెరకు మొహం ఆనించి వెతికింది. "ఇదిగో, నీలం చుక్క!"

"అది దీనిది కాదక్కా, పక్కదానిది."

పక్క గదిలో చిన్నకోడలి కూతురు పాట సాధన చేస్తోంది. తన పాట ఎప్పుడాగిందో పెద్దకోడలికి గుర్తే రాలేదు.

అత్తగారొకవైపు, మామగారొకవైపు, మరిదొకవైపు పిలిచారు.

"వస్తున్నా!"

ఆ గొంతులో మిగిలింది ఆ ఒక్క మాటే.