ఇనుమైతే చాలు

"బంగారాన్ని పట్టేది వద్దండీ. ఇనుముని పట్టేదైతే చాలు."

షాపతను చేతిలోని కేటలాగు పక్కన పెట్టి ఆమెని ఎగాదిగా చూశాడు. మెటల్ డిటెక్టర్ కోసం వచ్చేవాళ్ళంతా లంకెబిందెల మీద ఆశతోనే వస్తారు. ఇనుము కావాలన్న మనిషిని చూడటం ఇదే మొదలు.

"ఏం పోయిందమ్మా?"

"కూరగాయల కత్తి."

అతను పకపకా నవ్వాడు. "దాని కోసం మెషీనా? దీని బదులు డజను కత్తులు కొనుక్కోవచ్చు కదమ్మా!"

"కొన్నాను. అదీ పోయింది."

అతని నవ్వు ఆగిపోయింది. అడుగు అరలోంచి ఒక పెట్టె తీశాడు.

"ఇదివరకు వాడలేదు కదా? అయితే ఇది తీసుకోండి, చవక. ఖరీదైనవి ఏ లోహమో తేల్చి చెప్తాయి. దీనికి ఆ తెలివి లేదు. పిన్నీసైనా పలుగైనా ఒకటే కూత. ముందు గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. ఇస్త్రీ పెట్టె నడిపినట్టు మెల్లిగా జరపండి. తొందరపడితే మాత్రం ఏమీ దొరకదు."

బస్సులో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అంతా ఈ నెలలోనే. భర్త నడిపే లారీకి దూరపు రూటు వేశారు. పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. అతను వెళ్ళిన దగ్గర్నుంచీ ఆమెకి నిద్రమాత్ర పడితే గానీ కన్ను మూతపడటం లేదు. వారం తిరక్కుండా కూరగాయల కత్తి మాయమైంది. ఆ తర్వాత కత్తెర. ఆ తర్వాత స్క్రూడ్రైవర్. మొన్న, కొత్త కత్తి.

ఇంట్లో ఉండేది ముగ్గురు. తను, అయిదేళ్ళ పాప, అత్తగారు.

అత్తగారిని అడిగితే, "ఎక్కడ పెట్టావో ఏమో, గుర్తు చేసుకో" అంటుంది. అనేటప్పుడు కోడలి మొహం చూడదు. పైగా పాపని తన పక్కనే పడుకోబెట్టుకుంటానని ఉన్నట్టుండి పట్టుబట్టింది. గోడవైపు పాప, ఇవతల ఆవిడ. పగలంతా కూర్చున్నచోటే కునుకుతుంది. మరి రాత్రంతా మెలకువగా ఉండి ఏం చేస్తోంది?

ఫోన్లో భర్తకి చెప్పి చూసింది. "మా అమ్మా? బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతుంది. నీకేమైనా మతిపోయిందా?" అని కొట్టిపారేశాడు.

ఎదురింటావిడ మాత్రం నవ్వలేదు. వయసు మీదపడ్డాక వాళ్ళ పెద్దమ్మకి మతి చలించి, సొంత మనవణ్ణే దొంగ అనుకుని రోకలి ఎత్తిందట.

ఇల్లు చేరేసరికి అత్తగారు పాపని ఆడించడానికి పార్కుకి తీసుకెళ్ళింది. తలుపు గడియ పెట్టి, గాజులు తీసి, ముందు ఒక చెంచా మీద మెషీన్‌ని పెట్టి చూసింది. కుయ్యిమంది. ఇక అది ఆగలేదు. కుళాయి దగ్గర కూత. ట్రంకుపెట్టె దగ్గర కూత. వంగితే తన జేబులోని తాళంచెవికీ కూతే. తీరా చూస్తే పనికొచ్చేది ఒక్కటీ లేదు.

మిగిలింది ముందుగది. దానికి తలుపు లేదు, తెర మాత్రమే. అత్తగారి మంచానికి ఒక్క మేకు కూడా లేదు, అంతా చెక్కే. దాని మీద దూది పరుపు.

షాపతను చెప్పినట్టే మెల్లిగా జరిపింది. గోడవైపు చప్పుడు లేదు. మధ్యలోనూ లేదు. ఇవతలి అంచుకి వచ్చేసరికి మెషీన్ గుక్కపట్టి ఏడ్చింది.

పాప తల పెట్టుకునే చోటుకి మూరెడు దూరం.

పరుపు అంచున కొత్త కుట్లు కనిపించాయి. కోద్దామంటే ఇంట్లో చాకు లేదు. పళ్ళతో తెంపింది. దూదిలో చెయ్యి పెడితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కత్తి, కత్తెర, స్క్రూడ్రైవర్, కొత్త కత్తి. దేనికదే పాతగుడ్డలో చుట్టి ఉంది. చివర్లో భర్త గడ్డం గీసుకునే కత్తి. అది పోయిందని కూడా ఆమెకి తెలియదు.

బయట తలుపు తట్టారు. కొత్త కత్తి చేతిలో ఉండగానే వెళ్ళి గడియ తీసింది.

అత్తగారు ఆ కత్తిని చూసింది. తెర పక్కనుంచి కనిపిస్తున్న చిరిగిన పరుపునీ చూసింది.

"పాపా, ఇటు రా! నా దగ్గరికి రా!"

పాప రాలేదు. నాన్నమ్మ వెనక్కి జరిగి దాక్కుంది.

"దాన్ని ఏం చేద్దామని దాచారివన్నీ? పసిపిల్ల పక్కన కత్తులు పెట్టుకుని పడుకుంటారా? ఇప్పుడే మీ అబ్బాయికి ఫోన్ చేస్తాను!"

"చెయ్యి తల్లీ. ఇక దాచడం నావల్ల కాదు." అత్తగారు పాప తల నిమిరింది. "వాడికి చెప్తే నిన్నేమంటాడోనని ఊరుకున్నాను. నీకు చెప్తే నీ గుండె ఆగిపోతుందని ఊరుకున్నాను."

"నాకు చెప్పడానికేముంది? అన్నీ మీరే చేసి!"

అత్తగారు దగ్గరికొచ్చింది. కోడలి పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. బాగా అలవాటైన పనిలా, నొప్పి తెలియకుండా, ఒక్కో వేలూ విప్పి కత్తిని తీసుకుంది.

"నువ్వు నిద్రలోనే నడిచొచ్చి పాప మీదికి వంగిన ప్రతిసారీ, నీ చేతిలోంచి ఇలాగే తీసుకున్నానమ్మా అవన్నీ."