శౌరమ్మ కాళ్లు

ఇంటింటికీ రోబో వచ్చాక, ముసలివాళ్లకు స్నానం చేయించే పని దానిదే అయింది.

ఈ ఏడు ఈస్టర్‌కు ముందొచ్చే పవిత్ర గురువారం నాడు గుడిలో ఫాదర్‌గారు కాళ్లు కడిగే పన్నెండుమందిలో శౌరమ్మ ఉంది. ఆయన ముందు మురికి కాళ్లు పెట్టకూడదని అందరూ ఇంట్లోనే కడుక్కుని వెళ్లడం ఆ ఊరి అలవాటు. ఆ రోజు మధ్యాహ్నం రోబో నీళ్ల టబ్బు తెచ్చేసరికి ఆమె కాళ్లు పైకి లాక్కుంది.

"లూర్దూ, ఇయ్యాల నువ్వు కడుగమ్మా."

"అదైతే శుభ్రంగా కడుగుద్దిగా, అత్తమ్మా."

"శుభ్రం కోసం కాదులే."

కోడలు కింద కూర్చుని మడమ పట్టుకుంది. రోబో వచ్చాక ఆమె అత్తను తాకింది లేదు. శౌరమ్మ కిసుక్కున నవ్వింది.

"చక్కిలిగిలా?"

"అది కడిగితే రాదే."

రెండు కాళ్లూ అయ్యాక శౌరమ్మ మెల్లగా కిందికి దిగి కూర్చుంది. "ఇప్పుడు నీ కాళ్లు ఇటు పెట్టు."

లూర్దు బిత్తరపోయింది. "పెద్దదానివి, నా కాళ్లు పట్టుకుంటావా? పాపం కదా."

"శిష్యుల కాళ్లు కడిగినప్పుడు ప్రభువు చిన్నోడయ్యాడా? పెట్టు."

లూర్దు సిగ్గుపడుతూనే పెట్టింది. ఎవరి కాళ్లు తుడవాలో తెలియక, రోబో తువ్వాలు పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడిపోయింది.